గంటకి ఎంతవుతుందోనని ఏడాదిన్నర ఆగాను

చెల్లీ,

నీ ఉత్తరంలో మొదటి ప్రశ్నే "అక్కా, థెరపీకి ఎంతవుతుంది?" అని. పెళ్లికి ముందు నీకు జరిగినదాన్ని మాత్రం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. నిన్ను తప్పుపట్టను, నేనూ అదే బాపతు.

అమెరికా వచ్చిన రెండో ఏడు నాకు కాన్పయింది. ఆ వెంటనే రక్తస్రావం ఆగక ఆపరేషన్ థియేటర్‌కి పరుగులు పెట్టించారు. బతికాను. అందరూ గండం గడిచిందన్నారు. నాకు మాత్రం గడవలేదు. ఇంట్లో మైక్రోవేవ్ బీప్ అంటే చాలు, థియేటర్‌లో మానిటర్ మోతే వినిపించేది. చేతులు చల్లబడి గుండె దడదడలాడేది. బీప్ రాకుండా ఒక్క సెకను మిగిలి ఉండగానే దాని తలుపు లాగేయడం అలవాటు చేసుకున్నాను.

గుండెజబ్బేమోనని రెండుసార్లు ఎమర్జెన్సీకి వెళ్లాం. ఈసీజీ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, బిల్లు మాత్రం పదకొండు నెలలు వాయిదాల్లో కట్టాం. రెండోసారి అక్కడి నర్సే అంది, ఇది మనసుకి తగిలిన దెబ్బ, పీటీఎస్‌డీ అంటారు, అది కావచ్చు, చూపించుకో అని. నేనేం చేశాను? ఫోన్‌లో ముందు కనిపించిన ప్రైవేటు థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. మన ఇన్సూరెన్స్ చెల్లే నెట్‌వర్క్‌లో ఉన్నారా అని కూడా అడగలేదు. గంటకి 180 డాలర్లు. నా కళ్లన్నీ గోడ గడియారం మీదే. నిమిషానికి మూడు డాలర్లు కదా, ఏడిస్తే దండగని ఏడుపు కూడా ఆపుకున్నాను! రెండుసార్లు వెళ్లి మానేశాను.

మానసిక వైద్యం చేసే కమ్యూనిటీ క్లినిక్‌లు బీదవాళ్లకే అనుకునేదాన్ని. అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే ఎలా అని పరువు ఒకటి అడ్డం. 1963లో కెన్నెడీ సంతకం చేసిన చట్టంతో ఊపందుకున్న ఏర్పాటు అది. చాలాచోట్ల ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, స్లైడింగ్ స్కేల్ అంటారు. ఫోన్ ఎత్తగానే ఆ మాటే అడుగు. పే స్టబ్బులు, అంటే జీతం చీటీలు, దగ్గర పెట్టుకో. మిగతా రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, వాళ్ల సైట్‌లో చూసుకో. అవి వెతకడం మీ తరానికి నేను నేర్పాలా?

చివరికి నేనూ అలాంటి క్లినిక్‌కే వెళ్లాను. మొదటి రోజు పీసీఎల్-5 అని 20 ప్రశ్నల కాగితం ఇచ్చారు. గడిచిన నెలలో పీడకలలు, ఉలికిపాటు, ఆ జ్ఞాపకాల్ని తప్పించుకు తిరగడం ఎంతగా ఉన్నాయో సున్నా నుంచి నాలుగు దాకా గుర్తు పెట్టాలి. పరువు కోసం అన్నిటికీ ఒకట్లు పెట్టాను. పక్కన కూర్చున్న మావారు "తనకి నిద్ర సరిగ్గా పట్టడం లేదండీ" అని తేల్చేశారు. నాకు ఇంగ్లిష్ రాక కాదు, భయాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం రాక. నువ్వలా చెయ్యకు. ప్రభుత్వ నిధులు తీసుకునే క్లినిక్‌లు అనువాదకుల్ని ఉచితంగానే ఇవ్వాలి. ఫోన్‌లోనైనా తెలుగు మనిషిని ఇమ్మని అడుగు. లోపలికి ఒక్కదానివే వెళ్లు.

నాకు చేసింది సీపీటీ, అంటే జరిగినదాని మీద మన ఆలోచనల్ని సరిచూసే మాటల చికిత్స, సాధారణంగా 12 సెషన్లు. పట్రీషియా రెసిక్ అనే ఆవిడ దాన్ని మొదట అత్యాచారానికి గురైన ఆడవాళ్ల కోసమే తయారుచేసింది. అందుకే నీకు చెప్తున్నాను. ఇదంతా ఎందుకు జరిగిందని నువ్వు అనుకుంటున్నావో ఒక పేజీ రాసుకు రమ్మంటారు. నేను రాసింది ఇదీ: "హాస్పిటల్‌కి ఇంకో గంట ఆగి వెళ్దాం, బిల్లు పెరుగుతుందని నేనే అన్నాను. నా పిసినారితనమే నన్ను చంపబోయింది." నా థెరపిస్టు అది చదివి, "రక్తస్రావం మొదలయ్యేసరికి మీరు ఎక్కడున్నారు?" అంది. హాస్పిటల్లోనే. మంచం మీదే. ఆ సంగతి ఏడాదిన్నరలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

అయినా నాలుగో వారం మానేశాను. రాసేకొద్దీ కలలు ఎక్కువయ్యాయి, డబ్బిచ్చి బాధ కొనుక్కోవడం ఏమిటనిపించింది. తిరిగి వెళ్తే వెయిటింగ్ లిస్టులో తొమ్మిది వారాలు. మధ్యలో కష్టమైతే ఆ మాట వాళ్లకే చెప్పు, మానకు. మాత్రలంటే సెర్ట్రలిన్, పారోక్సెటిన్ పీటీఎస్‌డీకి ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ, ఆమోదించినవే, రెండూ జెనెరిక్‌లో దొరుకుతాయి. నీకు అవసరమా లేదా డాక్టరు చెప్తారు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 988 అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, అది ఉచితం.

మీ ఆయనకి ఇంకా తెలియదన్నావు. ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదుంటే, నువ్వు ఏ రోజు ఎవరి దగ్గరికి వెళ్లావో చూపించే ఈవోబీ అనే ఇన్సూరెన్స్ కాగితం సాధారణంగా ఆయనకే వస్తుంది. మొదటి అపాయింట్‌మెంట్‌కి ముందే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి, నా ఉత్తరాలు వేరే అడ్రసుకి పంపండని రాతపూర్వకంగా కూడా అడుగు. అవి ఇంట్లో కనబడితే నీకు ప్రమాదమైతే ఆ మాట కూడా చెప్పు. దీనికి పైసా ఖర్చు లేదు.

సోమవారం పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చెయ్యి. ఫీజు ఎంతన్నారో నాకు రాయి, ఎక్కువ చెప్పారేమో చూస్తాను.