హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్ట్ మార్చాక సెల్ఫ్ తిరుగుతోంది కానీ కారు స్టార్ట్ కావట్లేదు, ఈసీఎం పోయిందా?

ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఇప్పుడే కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి బండి తనంతట తానే నడిచి షెడ్డుకు వచ్చింది, ఇంజన్ వేడెక్కుతోందని హెడ్ (ఇంజన్ పైభాగం) దించి దాని కింద సీలుగా ఉండే గాస్కెట్ మార్చారు, ఎలాగూ విప్పాం కదా అని టైమింగ్ బెల్ట్ (పిస్టన్లకు కలిసి ఉండే క్రాంక్‌ను, వాల్వులు తెరిచే క్యామ్‌ను జతగా తిప్పేది) కూడా కొత్తది వేశారు, ఇప్పుడేమో సెల్ఫ్ బాగానే తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవట్లేదు, మెకానిక్ కంప్యూటర్ పోయి ఉంటుందంటున్నారు. నడిచొచ్చిన బండిలో ఎవరూ ముట్టుకోని డబ్బా సరిగ్గా ఇప్పుడే పాడైపోవడం చాలా అరుదు. రిపేరు తర్వాత స్టార్ట్ కాని బండిలో ముందు చూడాల్సింది చేతులు పడిన చోట్లే: ఏవి విప్పారు, ఏవి లాగారు, ఏవి పక్కకు జరిపారు. పోయిన పార్టు కోసం కాదు, మళ్లీ తగిలించడం మరిచిపోయిన దాని కోసం వెతకాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇదే తప్పు నేనూ చేశాను.

మా నాన్న కారుకి హెడ్ గాస్కెట్ నేనే మార్చాను. పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, ఒక్కో ప్లగ్గు మీద దానికి స్పార్క్ ఇచ్చే ఒక్కో కాయిల్. అన్నీ బిగించాక ట్రేలో 10 ఎంఎం స్పానరు పట్టే బోల్టు ఒకటి మిగిలింది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి "ఇదెక్కడిదిరా?" అని అడిగారు. "ఏదో కవరుదై ఉంటుందిలే నాన్నా" అనేసి తాళం తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఇంజన్ కనీసం ఒక్కసారైనా దగ్గలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు నేను చేసింది వెతకడం కాదు, ఊహించడం. క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకు చెప్పేది) అనుకుని కొత్తది వేశాను, ప్లగ్గులు మార్చాను, టైమింగ్ కవరు మళ్లీ విప్పి బెల్టు సరిగ్గా కూర్చుందో లేదో చూపే మార్కులు చూసుకున్నాను (సరిగ్గానే ఉన్నాయి). మార్చిన ప్రతిదానికీ అంతకుముందు ఒక్క కొలత కూడా తీసుకోలేదు.

ఐదో రోజు కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాను. స్కానర్ (ఈసీఎంలోని తప్పుల కోడ్లు, రీడింగులు చూపే పరికరం) తగిలిస్తే బండితో మాట్లాడుతోంది, కోడ్లు లేవు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం 200 పైన చూపిస్తోంది. అంటే క్రాంక్ సెన్సర్ పనిచేస్తోంది, ఈసీఎం బతికే ఉంది. ప్లగ్గులు తీస్తే తడిగా ఉన్నాయి, పెట్రోల్ వస్తోంది. స్పార్క్ మాత్రం నాలుగింటిలో ఒక్కదానికీ లేదు. నాలుగు కాయిల్స్ ఒకేసారి పోవు కాబట్టి నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తెగిందన్నమాట. కాయిల్ కనెక్టర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే 12 వోల్టుల సప్లై వస్తోంది. తర్వాత టెస్ట్ ల్యాంప్ క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, మొనను కనెక్టర్‌లోని ఎర్త్ పిన్నుకు తాకించాను. ఎర్త్ బాగుంటే దీపం వెలగాలి. వెలగలేదు.

వైరు వెంట పోతే అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ కిందుగా హెడ్ వెనక్కి వెళ్లింది. ఫోన్ లైటు వేసి, చెంప ఫైర్‌వాల్‌కు ఆనించి చూస్తే కనబడింది: రెండు నల్ల వైర్లు, చివర రెండు రింగు టెర్మినల్స్, దేనికీ తగలకుండా గాలిలో వేలాడుతున్నాయి. రింగుల చుట్టూ అంతా నూనె పట్టిన మురికి, బోల్టు తల కూర్చున్న చోట మాత్రం గుండ్రంగా, కొత్త ఇత్తడిలా మెరుస్తోంది. ట్రేలో మిగిలిన బోల్టు దానిదే. హెడ్ దించేటప్పుడు విప్పాను, ఎక్కించేటప్పుడు మరిచిపోయాను. సెల్ఫ్ ఎందుకు తిరిగిందంటే దాని లావు ఎర్త్ వైరు వేరుగా గేర్‌బాక్స్‌కు ఉంది. ఈసీఎం ఎర్త్ బాడీకి వేరేగా ఉంది, అందుకే స్కానర్‌కు అన్నీ బాగున్నట్టే కనిపించాయి. బోల్టు బిగించి తాళం తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది.

మీ బండి జబ్బు కూడా ఇదే అని నేను అనడం లేదు. వరుస మాత్రం ఇదే పాటించండి.

అన్నిటికంటే ముందు, ఇక సెల్ఫ్ కొట్టడం ఆపండి. టైమింగ్ బెల్ట్ మార్చారు కాబట్టి చెబుతున్నాను. చాలా ఇంజన్లలో బెల్టు కొన్ని పళ్లు తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వుకు తగులుతుంది, వాల్వులు వంగుతాయి, అప్పుడు కొత్త గాస్కెట్ వేసిన హెడ్ మళ్లీ దించాల్సిందే. పై కవరు తీసి, ప్లగ్గులు కూడా తీసేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరిగి మార్కులన్నీ మళ్లీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకండి, అక్కడే ఆపండి. మార్కులు "దాదాపు" కలిశాయి అంటే కలవలేదనే లెక్క. బెల్టు వేసి టెన్షనర్ బిగించేటప్పుడు ఒక పన్ను జరిగిపోవడం అనుభవం ఉన్నవాళ్లకూ జరుగుతుంది, మీ మెకానిక్‌ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు.

మార్కులు కలిస్తే ప్లగ్గులు మళ్లీ బిగించి, అప్పుడు సెల్ఫ్ కొట్టి చెవి పెట్టండి. కంప్రెషన్ ఉన్న ఇంజన్ తిరిగేటప్పుడు ఒక్కో సిలిండర్ దగ్గర కాస్త బరువెక్కుతూ లయగా తిరుగుతుంది. ఏ బరువూ లేకుండా ఫ్యాన్‌లా వడివడిగా గిర్రున తిరిగితే కంప్రెషన్ లేనట్టే. అనుమానం ఉంటే గేజ్ పెట్టి కొలిపించండి, బాగున్న పెట్రోల్ ఇంజన్‌లో మామూలుగా 10 బార్ పైనే చూపిస్తుంది. అన్ని సిలిండర్లలోనూ ఒకే తీరుగా తక్కువ వస్తే టైమింగ్ మీద అనుమానం, పక్కపక్కనే ఉన్న రెండిట్లో మాత్రమే తక్కువ వస్తే ఆ రెండిటి మధ్య గాస్కెట్ సరిగ్గా కూర్చోలేదని అనుమానం. ఈ ఒక్క తేడాతోనే ఎటు వెళ్లాలో సగం తెలిసిపోతుంది.

కంప్రెషన్ బాగుంటే స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ వైపు చూడాలి, అంటే కొత్తది కొనడం కాదు, ముందు దాని కనెక్టర్ ఊడదీసి మళ్లీ "టక్" మని చప్పుడు వచ్చేదాకా నొక్కడం. కూర్చున్నట్టు కనబడి లాక్ పడని కనెక్టర్లు చాలా ఉంటాయి, ఒక పిన్ను వెనక్కి జరిగిపోయి ఉండటం కూడా మామూలే. పి0335 కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పి0340 అయితే క్యామ్ సెన్సర్ సర్క్యూట్, పి0016 వస్తే క్రాంక్, క్యామ్ ఒకదానితో ఒకటి కలవడం లేదని, అంటే మళ్లీ బెల్టు దగ్గరికే వెళ్లాలి. కొన్ని ఇంజన్లలో పక్కపక్క కనెక్టర్లు ఒకేలా ఉంటాయి, ఒకదాని స్థానంలో ఇంకొకటి చక్కగా పట్టేస్తుంది, వైర్ల రంగులు చూసి పోల్చుకోండి. హై టెన్షన్ వైర్ల పాత బండి అయితే ఫైరింగ్ ఆర్డర్ కూడా, నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువగా 1-3-4-2.

ఆర్‌పీఎం వస్తుంటే ప్లగ్గు తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు: ఇగ్నిషన్ ఆన్ చేయగానే పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మనాలి, అది వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు వైరు. తడిగా ఉండి స్పార్క్ లేకపోతే నా కథే. స్పార్క్ పరీక్షకు స్పార్క్ టెస్టర్ వాడండి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేశాకే చేయండి, ప్లగ్గును చేత్తో పట్టుకుని చూడటం మాత్రం వద్దు. తడిగా ఉండి స్పార్క్ కూడా ఉంటే అన్నిసార్లు సెల్ఫ్ కొట్టడంతో పెట్రోల్ ముంచేసి ఉండవచ్చు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్షన్ ఉన్న చాలా బండ్లు ఇంజెక్టర్లను ఆపేస్తాయి, సిలిండర్లు ఆరతాయి. ఒక్కోసారి పది సెకన్లకు మించి వద్దు, మధ్యలో సెల్ఫ్ మోటారుకు చల్లారే టైము ఇవ్వండి. బ్యాటరీ కూడా కొలవండి, నిండుగా ఉంటే 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే ముందు చార్జ్ చేయించండి, అంత తక్కువకు పడితే సెల్ఫ్ తిరిగినా మిగతావన్నీ తప్పు కథలు చెబుతాయి. మీది డీజిల్ అయితే లైన్లలో గాలి చేరిందేమో చూడాలి, కానీ కామన్ రైల్ హై ప్రెషర్ పైపులు మాత్రం వదులు చేయకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఈసీఎం సంగతి చివర్లో. ఇగ్నిషన్ ఆన్ చేస్తే చెక్ ఇంజన్ దీపం వెలుగుతోందా, స్కానర్ మాట్లాడుతోందా, సెన్సర్ల దగ్గర 5 వోల్టులు వస్తున్నాయా? మూడూ ఉంటే అది పోయిందనడానికి ఆధారం లేదు. 5 వోల్టులు రాకపోయినా వెంటనే ఈసీఎం అనకండి, షార్ట్ అయిన ఒక్క సెన్సర్ మొత్తం లైనును కిందికి లాగేస్తుంది, ఒక్కొక్క సెన్సర్ ఊడదీస్తూ ఎక్కడ తిరిగి వస్తుందో చూడండి. ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) దీపం మినుకుమంటుంటే అది వేరే దారి. ఈసీఎం మార్చారంటే చాలా బండ్లలో కొత్తదానికి మీ తాళాన్ని మళ్లీ గుర్తుపట్టడం నేర్పించాల్సి వస్తుంది, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది.

మార్కులు కలిశాయా, సెల్ఫ్ తిరిగేటప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం ఎంత, ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, ఈ మూడూ చూసి ఇక్కడ రాయండి. బోల్టు ఏమైనా మిగిలిందేమో కూడా మెకానిక్‌ను అడగండి.