ముందు ఆ 'మూర్ఖులు' అన్న మాట కొట్టెయ్

తమ్ముడూ,

మన దగ్గర పిల్లల్ని కనడం తగ్గిపోయింది, జనాభా విస్ఫోటనం అన్నది పాత మాట అని నువ్వు రాసి పంపిన ఆర్టికల్ చదివా. లెక్కలన్నీ కరెక్టే, వాటితో నాకు పేచీ లేదు. కానీ "ఇంకా జనాభా విస్ఫోటనం అని నమ్మే మూర్ఖులకు" అని మొదలెట్టావు చూడు, అక్కడే నీ రీడర్ లేచి వెళ్లిపోయాడు. ఎవరికోసం రాస్తున్నావో వాళ్లనే మొదటి లైన్లో తిట్టాక, ఇంక ఆంధ్రలో ఆడమనిషికి సగటున 1.7 పిల్లలే అన్నా 17 అన్నా వినేదెవరు?

మనోళ్లు నమ్మేవాటిలో చాలావరకు ఒకప్పటి నిజాలే, ఎక్స్‌పైరీ డేట్ దాటిపోయాయంతే. 1971లో మన దేశంలో ఒక్కో ఆడమనిషికి సగటున 5.2 మంది పిల్లలు. గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం, ఇద్దరు ముద్దు ఆపై వద్దు అన్న నినాదం, స్కూల్లో అధిక జనాభా మీద వ్యాసం, ఇవన్నీ చూస్తూ పెరిగిన మీ మావయ్యకి జనాభా అంటే గుండె గుభేల్మనడంలో తప్పేముంది చెప్పు, ఆయన నేర్చుకున్నది అప్పటికి నిజమే, ఆ తర్వాత లెక్క మారిందని ఆయనకి ఎవరూ వచ్చి చెప్పలేదు. నువ్వు అక్కణ్ణుంచి మొదలెట్టు. 1971లో 5.2, 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకి (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) 3.4, 2019-21లో చేసిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5కి వచ్చేసరికి 2.0. తరం తర్వాత తరం అంతే జనం ఉండాలంటే 2.1 కావాలి, అంటే దానికంటే కిందకొచ్చేశాం. అదే సర్వేలో తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7. బీహార్‌లో మాత్రం ఇంకా 3.0, అది దాచకు, దాస్తే కామెంట్లలో వాళ్లే తెచ్చి పెడతారు.

అంకె పక్కన ఏ ఏడాదిదో తప్పకుండా రాయి. నువ్వు కొన్నిచోట్ల వదిలేశావ్.

ఇంకోటి, "మరి బస్సులో కాలు పెట్టే సందు లేదు కదా" అని అడుగుతారు, దానికి నీ దగ్గర జవాబే లేదు. పిల్లలు తగ్గినా జనం పెరుగుతూనే ఉన్నారు, 2023లో చైనాని కూడా దాటేశాం. ఎందుకంటే ఎనభైల్లో తొంభైల్లో పుట్టినవాళ్లు చాలామంది, వాళ్లు ఒక్కరినో ఇద్దరినో కన్నాసరే మొత్తం మీద పుట్టేవాళ్లు ఎక్కువే అవుతారు, పైగా ముసలాళ్లు మునుపటికంటే ఎక్కువకాలం బతుకుతున్నారు. ఆ రద్దీ మావయ్య కళ్లారా చూసినదే, కాదనకు. అది ఎందుకుందో చెప్పు చాలు.

గ్రాఫ్ కంటే మన ఊళ్లల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదన్న రూల్ ఆంధ్రలో ముప్పై ఏళ్లు నడిచింది, 2024 నవంబర్‌లో అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. గవర్నమెంటే భయం మార్చుకుంది, ఇప్పుడు ముసలాళ్లు ఎక్కువైపోతారని దిగులు. నాకైతే ఆ కొత్త కంగారు మీదా అంత నమ్మకం లేదనుకో, అది వేరే సంగతి.

మతం సంగతి తేకుండా తప్పించుకున్నావ్, తేవాలి. 1992-93లో ముస్లింలలో 4.4, హిందువులలో 3.3. 2019-21లో 2.4, 1.9. ఒక్క ఏడాది అంకెలే పెడితే ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు, రెండేళ్లవీ పక్కపక్కన పెడితే 1.1 ఉన్న తేడా దాదాపు అర పాయింట్‌కి వచ్చిందని వాళ్లకే కనబడుతుంది. అక్కడ నువ్వు లెక్చర్ ఇవ్వకు.

అసలు నాకు కోపమొచ్చింది "ఇది మన విజయం" అన్న పేరా చూసి. ఎవరి విజయం? అదే 2019-21 సర్వేలో ఇంకో పేజీ తిరగేస్తే ఆంధ్రలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్లది ఒక్క శాతం కూడా లేదు. 20 నుంచి 24 ఏళ్ల మధ్య అమ్మాయిల్లో 29 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. అంటే చిన్నప్పుడే పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆనక ఆపరేషన్, ఇలాంటి దారిలో కూడా 1.7 వస్తుంది తమ్ముడూ. లోకం పాడైపోయిందన్న అపోహ పోగొడదామని వెళ్లి అంతా బావుందన్న ఇంకో అపోహ అంటగట్టి వస్తున్నావ్.

ఆ పేరా తీసేసి, మీ ఊరి ఏఎన్‌ఎమ్‌నో ఆశా వర్కర్‌నో కలిసి మాట్లాడు, ఏ వయసులో ఆపరేషన్‌కి వస్తున్నారు, ఎవరు తీసుకొస్తున్నారు, మొగుడిని చేయించుకోమంటే ఏమంటాడు, ఇవన్నీ అడుగు. వాళ్లు చెప్పింది రాసి మళ్లీ పంపు, పేర్లు మాత్రం వద్దు.

ఇట్లు
అక్క