కల్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఎందుకు?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. నాన్నకు 58 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ మూడు సీసాల కల్లు తాగుతాడు. పోయినేడు ఊళ్లో దుకాణం మూసేస్తే రెండో రోజుకే చేతులు వణికాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడు, ఫిట్స్ వచ్చాయి. మళ్లీ కల్లు తాగాకే మామూలయ్యాడు. ఇప్పుడు తనే మానేస్తానంటున్నాడు. ఇంట్లోనే మాన్పించొచ్చా? ఆసుపత్రికి పోతే కేసవుతుందా?

జవాబు: ఇంట్లో వద్దు. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి ఈసారీ వచ్చే ముప్పు ఎక్కువ. మీరు రాసినదాన్నిబట్టి ఆయన ఒంటికి అలవాటైంది కల్లు ఒక్కటే కాదు, అందులో కలిపిన మత్తుమందు కూడా. కల్తీకి వాడేవి చాలావరకు అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. ఏళ్ల తరబడి వీటితో అణిగివున్న మెదడు, అవి ఆగగానే ఎగిరిపడుతుంది. అల్ప్రాజోలం అయితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. డయాజెపాం కలిస్తే వారం దాకా పట్టొచ్చు. మూడు రోజులు గడిస్తే గండం గట్టెక్కిందనుకోవడం అందుకే పొరపాటు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఇవే లక్షణాలతో జనం ఆసుపత్రులకు వచ్చారు. దుకాణం మూసేముందు దగ్గర్లోని ఆసుపత్రిలో మందులు సిద్ధం చేయాలన్న ఆలోచన ఇప్పటికీ తక్కువే.

ఒకటి రెండు రోజుల్లో ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చేర్పించండి. అప్పటిదాకా కల్లు ఉన్నపళంగా ఆపొద్దు, పెంచొద్దు. అక్కడ వణుకు, నాడి, చెమట చూసుకుంటూ, మెదడు ఒక్కసారిగా ఎగిరిపడకుండా అదే డయాజెపాంను కొలత ప్రకారం ఇస్తారు. కాలేయం దెబ్బతిని ఉంటే అదే రకం మందైన లోరాజెపాం. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి, ఊళ్లో సెలైన్ పెట్టేవాళ్లు తరచూ మరిచేది ఇదే. భ్రమలు తగ్గాలని హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది.

వైద్యం ఎక్కువగా చెడేది ఇంటికొచ్చాక. వణుకు తగ్గింది కదా అని ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు ఆపేస్తారు. డాక్టర్ రాసిచ్చినట్టు వారానికో, రెండు వారాలకో పదో వంతు నుంచి పావు వంతు వరకే తగ్గించాలి, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పడుతుంది. మాత్రల డబ్బా మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. మాత్రల మీద కల్లుగానీ మద్యంగానీ తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కేసు భయం వద్దు. అల్ప్రాజోలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కిందికొస్తుంది, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష పడే మోతాదు. ఆ చట్టం గురి ప్రధానంగా కలిపేవాడి మీద, అమ్మేవాడి మీద. వైద్యానికొచ్చినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సందేహాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446.

వెళ్లేటప్పుడు రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగారు, బీపీ, షుగర్ మాత్రలేమైనా వాడుతున్నారా అన్నది ఒక కాగితం మీద రాసుకెళ్లండి.