కెథడ్రల్‌కి ఎదురిల్లు

చిరంజీవి తమ్ముడికి,

కిర్క్‌వాల్ ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల దాకా వెళ్ళి సెయింట్ మాగ్నస్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి ముందు నిలబడ్డావు. 1137లో మొదలైన కట్టడం, ఎర్ర రాయి, పసుపు రాయి, గంభీరం, వైభవం... మూడు పేజీలు నిండాయి. వీధికి ఇవతలి టాంకర్‌నెస్ హౌస్‌కి మాత్రం ‘ఎదురుగా ఓ పురాతన భవనం ఉంది’ అని ఒక్క ముక్క పడేశావు. నీ వ్యాసం ఆ ముక్కలోనే ఉందయ్యా!

అది కెథడ్రల్ గురువులు, అంటే ఫాదర్లు, ఉండే ఇల్లు. 1560లో స్కాట్లండ్ కాథలిక్ మతాన్ని వదిలి ప్రొటెస్టెంట్ దారి పట్టేనాటికి అక్కడ ఆర్చ్‌డీకన్, అంటే బిషప్ కింది పెద్ద గురువు, గిల్బర్ట్ ఫౌల్జీ. ఆయన ఊరు విడిచి పోలేదు. కొత్త మతంలో అక్కడే పాస్టరయ్యాడు. ఆ ఇంటి వీధి వాకిలి కమాను మీద ఇప్పటికీ ఆయన వంశచిహ్నం ఉంది, సరసన భార్యదీ ఉంది, 1574 అని సంవత్సరమూ ఉంది. పద్నాలుగేళ్ళ ముందు కాథలిక్ గురువుగా పెళ్ళి మాటే ఎత్తకూడని మనిషి, కెథడ్రల్‌కి ఎదురుగా భార్య గుర్తు రాతిలో చెక్కించుకున్నాడు. దేశం మతం మారడమంటే ఏమిటో ఆ రాయి చెబుతోంటే, నీకు ‘వైభవం’తో పనేముంది?

అలాగని ఆయన్ని గోడమీద పిల్లి అనకు. నమ్మి మారాడో, బతకడానికి మారాడో ఆ రాతి మీద లేదు. లేనిది నువ్వు చెక్కకు. కమాను కింద పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టు, చాలు.

తర్వాతి కథ రెండు మూడు వాక్యాల్లో తేల్చెయ్యి. 1641లో బెయికీ కుటుంబం ఆ ఇల్లు కొని, దాదాపు మూడు వందల ఏళ్ళు అందులోనే ఉంది. 1968లో అది మ్యూజియం అయింది. కావాలంటే బెయికీల పుస్తకాల గది దగ్గర కాస్త ఆగు. గురువుల ఇల్లు సంసారుల ఇల్లయిన ఆనవాలు అక్కడ దొరుకుతుంది.

విశేషణాలన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాను, కోప్పడకు. తేదీల జోలికి మాత్రం వెళ్ళలేదు, అవి నువ్వే మళ్ళీ సరిచూసుకో.

ఆ వాకిలి ఫోటో తీశావా? తీసి ఉంటే రాతి మీది అంకెలు కనబడేలా పెద్దది చేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య