నెమలికంఠం సోఫా వెనక గోడ గులాబీగా ఎందుకు కనిపిస్తోంది?

ఇల్లు – రంగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పడమర వైపు పెద్ద బాల్కనీ ఉన్న ఫ్లాటు మాది. ఈమధ్యే హాలులోకి నెమలికంఠం రంగు వెల్వెట్ సోఫా కొన్నాం. సోఫా అంత కొట్టొచ్చినట్లు ఉంటుంది కాబట్టి గోడలు నెమ్మదిగా ఉండాలని లేత బూడిదరంగు వేయించాం. తీరా చూస్తే సోఫా వెనక గోడ గులాబీ ఛాయలో కనిపిస్తోంది. షాపులో రంగు కలిపినవాళ్లు పొరపాటు చేశారని మావారంటారు, తాము కోడ్ ప్రకారమే కలిపామని వాళ్లంటారు. మళ్లీ వేయించాలంటే ఏ రంగు ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఖాళీ డబ్బా పట్టుకుని మరోసారి షాపుకు వెళ్లేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఎండ లోపలికి రాని ఉదయం పూట సోఫా మొత్తాన్ని తెల్లని దుప్పటితో కప్పి, కాసేపు వేరే గదిలో ఉండి వచ్చి గోడను చూడండి. గులాబీ ఛాయ పోతే షాపువారి తప్పేమీ లేదు. అప్పటికీ అలాగే ఉంటే మీవారి అనుమానంలో పస ఉన్నట్లే. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే జరుగుతుందని నా అంచనా.

మన కన్ను ఏ రంగునూ విడిగా చూడదు, పక్కనున్న రంగుతో కలిపే చూస్తుంది. నీలం కలిసిన ఆకుపచ్చను చూస్తున్నప్పుడు కన్ను దానికి ఎదురుగా నిలిచే ఎరుపు, నారింజల వైపు మొగ్గుతుంది. బూడిదరంగుకు తనదంటూ గట్టి రంగు ఉండదు కనుక ఆ మొగ్గంతా దాని మీద కనిపిస్తుంది. సరిగ్గా ఇలాంటి తగవే పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని నడిపిన రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ ముందుకూ వచ్చింది. నల్లనూలు నల్లగా లేదని, వెలిసినట్లు ఉందని ఫిర్యాదులు వస్తే ఆయన పరీక్షించి, అద్దకంలో లోపమేమీ లేదనీ, పక్కన నేసిన నీలం, ఊదా పోగులే ఆ నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయనీ తేల్చారు. ఆ పరిశీలనలన్నీ కలిపి 1839లో పెద్ద గ్రంథంగా ప్రచురించారు. మీ ఇంట్లో నల్లనూలు స్థానంలో బూడిదరంగు గోడ ఉంది, అంతే తేడా.

దీనికి తోడు మీది పడమటి హాలు. సాయంత్రం నాలుగు దాటాక లోపలికి వచ్చే ఎండ పసుపు, నారింజ రంగుల్లో ఉంటుంది కాబట్టి గోడ మీది ఆ ఛాయ అప్పుడు ఇంకా పెరుగుతుంది.

ఇక ఏ రంగు వేయించాలన్నది. బూడిదరంగే కావాలనుకుంటే షేడ్ కార్డులో కొద్దిగా ఆకుపచ్చ మొగ్గు ఉన్న బూడిదను ఎంచుకోండి. కార్డు మీద అది కాస్త పాచిపట్టినట్లు కనిపించి మీరు వెనకాడవచ్చు గానీ, సోఫా వెనకకు వెళ్లేసరికి అదే అచ్చమైన బూడిదగా నిలుస్తుంది. అయితే నన్నడిగితే బూడిదను వదిలేసి మీగడ రంగుకో, బాగా లేతగా తీసిన గంధం రంగుకో మారమంటాను. కన్నూ ఎండా రెండూ గోడను వెచ్చని రంగు వైపే లాగుతున్నప్పుడు వాటితో పోట్లాడే రంగుకన్నా వాటితో కలిసిపోయే రంగు మేలు. వెన్న రంగు జోలికి మాత్రం వెళ్లకండి, సాయంత్రం ఎండకు అది పసుపుపచ్చగా కనిపిస్తుంది.

ఏ గొడవా లేకుండా తెలుపే వేసేద్దామని మీకు చాలామంది చెబుతారు. ముదురు రంగు సామాను పక్కన తెలుపు ఎప్పుడూ క్షేమమనే మాటను నేను ఒప్పుకోను. పూర్వం మన ఇళ్లలో సున్నం మరింత తెల్లగా కనిపించాలని అందులో నీలిమందు కలిపేవారు. ఇప్పుడు డబ్బాల్లో దొరికే తళతళలాడే తెలుపులు చాలావాటికీ అలాంటి నీలి మొగ్గే ఉంటుంది. అంత చల్లని తెలుపు పక్కన నెమలికంఠం మరింత ముదిరి, దాదాపు నలుపులోకి దిగి, సోఫా ఉన్నదానికన్నా బరువుగా కనిపిస్తుంది. సోఫా వెనక గోడకు అదే నెమలికంఠం వేయించాలన్న ఆలోచన కూడా మానుకోండి. వెల్వెట్ నూగును చేత్తో ఒకవైపు నిమిరితే ఒక రంగు, ఎదురు నిమిరితే మరో రంగు కనిపిస్తుంది. దానికి సరిజోడయ్యే పెయింటు ఏ యంత్రమూ కలపలేదు. దగ్గర దగ్గరగా వచ్చి కలవని రంగు, పూర్తిగా వేరైన రంగుకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు మనం చీరనూ గుడ్డనూ పట్టుకుని వీధిలోకి వచ్చి వెలుతురులో చూసుకోకుండా డబ్బులు ఇవ్వం. గోడ రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అగ్గిపెట్టెంత కాగితం ముక్క చూసి వేల రూపాయల పని ఖరారు చేస్తాం. ఈసారి రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, ప్రైమర్ మీద రెండు కోట్లు వేయించి, బాగా ఆరాక సోఫా వెనక నిలబెట్టి ఉదయం, సాయంత్రం ఐదింటికి, రాత్రి దీపాలు వేశాక చూడండి. తడి మీద నిర్ణయం చేయకండి, ఎమల్షన్ ఆరాక సాధారణంగా ఒక పిసరు ముదురుతుంది. పాత గోడ మీదే చారలు గీసి కూడా చూడకండి, చుట్టూ ఉన్న బూడిదరంగు కొత్త రంగునూ మార్చి చూపిస్తుంది. కార్డు మీద నచ్చిన రంగు నాలుగు గోడలకూ ఎక్కితే ఒకదాని వెలుగు మరోదాని మీద పడి చిక్కబడుతుంది కనుక, నచ్చినదానికన్నా ఒక మెట్టు లేత రంగు తీసుకోవడం మంచిది.

ప్రశ్న: మా పాత ఇంటి వసారాలో మెరూన్, బంగారు రంగుల సంఖేడా ఉయ్యాల బల్ల వేలాడదీశాం. నేల ఎర్రటి రెడ్ ఆక్సైడ్. వెనక గోడకు పసుపు వేస్తే ఉయ్యాల కొట్టొచ్చినట్లు కనిపిస్తుందని పెయింటర్ అంటున్నాడు, మా కోడలు తెలుపు అంటోంది. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పెయింటర్ మాట ఈ ఉయ్యాల విషయంలో చెల్లదు. గుజరాత్‌లోని సంఖేడా ఊళ్లో తరిణె (లేత్) పట్టిన టేకు కర్రకు లక్క పూసి చేసే ఈ సామానుకు అందమంతా ఆ మెరూన్ పూత మీద మెరిసే సన్నని నగిషీలోనే ఉంది. బంగారంలా కనిపించే ఆ గీతలు నిజానికి తగరంతో వేసినవి. పైన లక్క పూత పడినందువల్ల వాటికి ఆ పసిడి వన్నె వస్తుంది. పసుపు గోడ ముందు ఆ వన్నె గోడలో కలిసిపోయి, నగిషీ కనబడకుండా, ఉత్త మెరూన్ కర్ర మిగులుతుంది. పైగా నున్నగా మెరిసే ఎర్రనేల మీద పడిన వెలుతురు గోడ కింది భాగానికి ఎరుపును అంటిస్తుంది. దానికి పసుపు తోడైతే మధ్యాహ్నం వసారా అంతా నారింజ రంగులో మండుతుంది.

మీ కోడలి తెలుపు దీనికన్నా నయమే, అయితే నీలి మొగ్గు లేని తెలుపు, అంటే నీలిమందు కలపని సున్నం గోడ రంగు, చూడమనండి. ఇద్దరూ చెప్పని మూడో దారి ఒకటుంది: ఎండిన కరివేపాకులాంటి మసక ఆకుపచ్చను బాగా లేతగా తీసి వేయించడం. మెరూన్‌కూ ఎర్రనేలకూ అది ఎదురు రంగు, అయినా మసకగా ఉంటుంది కనుక కేకలు వేయదు. నేల నుంచి వచ్చే ఎరుపును కూడా కొంత కోసేస్తుంది. పెయింటు కంపెనీల కేటలాగుల్లో ఒక్కో షేడ్ ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో తెలిపే ఎల్‌ఆర్‌వీ అంకె ఉంటుంది, నలుపుకు 0, అచ్చ తెలుపుకు 100. వసారాకు 65కు అటూ ఇటూ ఉన్నది తీసుకుంటే చీకటి పడదు, కళ్లూ చెదరవు. నగిషీ ఉయ్యాలలోనే ఉంది కాబట్టి గోడకు టెక్స్చర్ డిజైన్లు వద్దు, మెరుపు లేని మ్యాట్ ఫినిష్ చాలు.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడలన్నీ తెలుపు, రంగు మార్చడానికి ఓనరు ఒప్పుకోరు. మా ఆవపువ్వు పసుపు సోఫా ఆ గోడ ముందు రాత్రిపూట వెలవెలబోయి, కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఏం చేయగలం?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రంగు మార్చలేకపోయినా వెలుతురు మార్చవచ్చు. మీ హాలులో ఉన్నది 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు అయ్యుంటుంది (వెలుతురు రంగును తెలిపే ఈ అంకె పెరిగేకొద్దీ అది నీలి వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు మొగ్గుతుంది). దాని నీలి వెలుతురులో పసుపు ఆకుపచ్చ వైపు జారుతుంది. పెట్టె మీద 3000 కెల్విన్ అనీ, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో తెలిపే అంకె) 90 లేదా అంతకన్నా ఎక్కువ అనీ రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బులు రెండు తెచ్చి, ఆ ట్యూబ్‌లైటు ఆర్పి, వాటి వెలుతురులో సోఫాను చూడండి. తెల్లగోడ మీగడ రంగులోకి వస్తుంది, పసుపు తన చోటికి తాను తిరిగి వస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బల్బులు మీతోనే తీసుకెళ్లవచ్చు.