ముందు పై చెయ్యి చూడు

డబ్లిన్

నాన్నా,

క్లబ్బులో అండర్-16 హర్లింగ్ (ఐర్లండ్ కర్రా బంతీ ఆట) జట్టు నీకప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పదేళ్ళ వయసులో హెల్మెట్ బకిల్ పెట్టుకోవడం రాక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాడివి, ఇప్పుడు కోచ్‌వి. కడుపు నిండిపోయింది. "వీళ్ళకి బేసిక్స్ అన్నీ వచ్చు పెదనాన్నా, అడ్వాన్స్‌డ్ టెక్నిక్స్ ఎలా నేర్పాలో చెప్పు" అని మెసేజ్ పెట్టావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మొదటి ప్రాక్టీసులో ఏమీ నేర్పకు. ఓ పావుగంట పక్కన నిలబడి వాళ్ళ చేతులు చూడు. కుడిచేతి వాటం పిల్లాడికి హర్లీ, అంటే ఆడే కర్ర, పైకొసన కుడిచెయ్యి ఉండాలి, ఎడమచెయ్యి దాని కింద. క్రికెట్ బ్యాట్‌కి సరిగ్గా తిరగేసి. చిన్నప్పట్నుంచీ క్రికెట్ ఆడి వచ్చినవాణ్ణి, ఈ తేడా నా ఒంటికి బాగా తెలుసు. తిరగేసి పట్టుకున్నవాడు కూడా బంతిని గట్టిగానే కొడతాడు, అందుకే ఎవరికీ కనబడదు. కానీ సోలో పరుగులో, అంటే హర్లీ మీద బంతి నిలిపి పరుగెత్తేటప్పుడు, వాడు దాన్ని కుడిచేత్తో పట్టుకుంటాడు. కొట్టే ముందు చేతులు మార్చుకోవాలి. ఆ అరక్షణంలోనే వెనకనుంచి ఎదుటివాడి కర్ర అడ్డుపడుతుంది, అదే హుక్. అలాంటివాడు కనబడితే అందరి ముందూ చెప్పకు. విడిగా పిలిచి, మారతావా అని అడుగు. మారడానికి ఒక చలికాలమంతా పడుతుంది, మధ్యలో ఆట దిగజారుతుంది. వాడు ఒప్పుకుంటేనే మొదలుపెట్టు.

ఇక అడ్వాన్స్‌డ్ సంగతి. చిన్నప్పుడు మేం బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. బిళ్ళ కొసమీద కర్రతో కొట్టి లేపి, అది గాల్లో ఉండగానే బాదేవాళ్ళం. ఇక్కడికొచ్చాక ఒకడు పరుగెత్తుతూ జాబ్ లిఫ్ట్‌తో, అంటే కర్ర కొస కిందికి తోసి, స్లిటర్‌ని (బంతిని) లేపి కొట్టడం మొదటిసారి చూసినప్పుడు నాకు మా వీధే గుర్తొచ్చింది. కాకపోతే బిళ్ళంగోడులో ఎదుటివాడు దూరంగా నిలబడతాడు. హర్లింగ్‌లో నీ మోచేతికి ఆనుకుని ఉంటాడు. నీ పిల్లలకు లేపడం, పట్టడం, కొట్టడం వచ్చన్నావు. అవే పనులు ఒకడు మీద పడుతుండగా చెయ్యగలరా? దాదాపు నువ్వు నేర్పాల్సిందంతా అదే.

కాబట్టి చోటు తగ్గించు. ఐదంగల చతురస్రం కోన్లతో పెట్టి, లోపల ఇద్దర్ని వదులు. ఒకడు బంతి లేపి బయట ఉన్నవాడికి కొట్టాలి, రెండోవాడు అడ్డుకోవాలి. మొదటి పదిసార్లూ బంతి పోతుంది. ఎందుకు పోతుందో చూడు. నూటికి తొంభైమంది బంతిని చేతిలోంచి భుజం దాకా ఎగరేస్తారు, ఖాళీ మైదానంలో అలవాటైన చెయ్యి అది. బంతి దిగొచ్చేలోపు ఎదుటివాడి కర్ర వచ్చేస్తుంది. నడుము ఎత్తులోనే వదలమను, హర్లీని ఇంకాస్త కిందికి పట్టుకుని మణికట్టుతో కొట్టమను. చేతిలో బంతితో నాలుగడుగులే కదా, వాటిలో రెండు కొట్టడానికి కాళ్ళు కుదుర్చుకోవడానికే పోతాయని వాళ్ళకై వాళ్ళు కనిపెట్టేదాకా ఆగు. నువ్వు చెబితే వింటారు. వాళ్ళు కనిపెడితే మ్యాచ్‌లో చేస్తారు.

రెండు వైపులా కొట్టడం గురించి ఎక్కువ రాయను, అది గోడ దగ్గర తేలే పని. మీ క్లబ్బులో హర్లింగ్ వాల్ ఉంది కదా. బలహీనమైన వైపు నుంచే వార్మప్ మొదలుపెట్టించు, చాలు.

బ్లాకింగ్ దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్ళు. ఇందులో నేను చేసిన తప్పు ఇప్పటికీ మనసులో ఉంది. మొదటి రోజుల్లో, దెబ్బ తగులుతుందన్న భయంతో పిల్లల్ని "కాస్త దూరంగా నిలబడి కర్ర అడ్డం పెట్టండి" అనేవాణ్ణి. జాగ్రత్త అనుకున్నాను. ఒక సాయంత్రం అలా ఒకడుగు వెనక నిలబడిన పిల్లాడి వేలు విరిగింది. ఆ రాత్రి ఆసుపత్రిలో వాడి పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. ఊపు మొదలైన చోట హర్లీకి బలం ఉండదు, ఊపు చివర్లోనే ఉంటుంది. దగ్గరికి దూరినవాడికి దెబ్బ తగలదు, ఆగిపోయినవాడికే తగులుతుంది. అందుకే మొదట బంతి లేకుండా, సినిమాలో స్లో మోషన్‌లా చేయించు. కొట్టేవాడు నెమ్మదిగా ఊపుతాడు, అడ్డేవాడు ముందుకాలు వేసి, రెండు చేతులతో హర్లీని బంతి ఉండాల్సిన చోటికి దించుతాడు. వాడి కళ్ళు చూడు. మూసుకున్నా, తల పక్కకి తిప్పినా ఇంకా భయం ఉందన్నమాట. వేగం పెంచకు. కళ్ళు తెరిచి ఉంచగలిగిన రోజున బంతి ఇవ్వు. 2010 జనవరి నుంచి అందరికీ ఫేస్‌గార్డ్ ఉన్న హెల్మెట్ తప్పనిసరి. పట్టీ వదులుగా ఉంటే మాత్రం పిల్లాణ్ణి గీత దాటనివ్వకు.

హుక్ దీనికి చుట్టం లాంటిది, కాకపోతే వెనకనుంచి, ఒంటి చేత్తో, చెయ్యి పూర్తిగా చాచి చెయ్యాలి. కర్రను కిందికి బాదితే అది ఫౌల్, ఎదుటివాడి చేతిమీద పడుతుంది. దారిలో ఉంచితే చాలు, వాడి ఊపు వచ్చి దానికి తగులుతుంది. మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడికి అరుస్తారు, హుక్ చేసినవాడి వైపు ఎవరూ చూడరు. నువ్వు చూడు. పేరు పెట్టి పిలిచి మెచ్చుకో.

పైనుంచి వచ్చే బంతి పట్టేటప్పుడు హర్లీ ఉన్న చెయ్యి ఊరికే వేలాడకూడదు, పట్టే చేతికి అది డాలులా కాపలా ఉండాలి. బంతి కిందికి తొందరగా వెళ్ళి నిలబడటం ఇంకో జబ్బు. ఆలస్యంగా కదిలి, ఒంటికాలిమీద లేచి, ముఖానికి ముందు పట్టమను.

సైడ్‌లైన్ కట్ అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. 2020 సెమీఫైనల్లో లిమరిక్ మీద గాల్వే ఆటగాడు జో కానింగ్ ఒక్క మ్యాచ్‌లో నాలుగు సైడ్‌లైన్ కట్‌లు గోల్ బార్ మీదుగా పంపాడు. ఆ వీడియో చూడని పిల్లాడుండడు. నేలమీద కదలకుండా ఉన్న బంతిని, చేత్తో గానీ కర్రతో గానీ లేపకుండా, ఒక్క కోతతో గాల్లోకి పంపడం. పోయిన నవంబరులో మా జట్టులో ఒక అమ్మాయి, కమోగీ (అమ్మాయిల హర్లింగ్) ఆడే పిల్ల, ఫ్లడ్‌లైట్ కింద దీనికోసం గంటసేపు తంటాలు పడింది. బంతి లేవడం లేదని ఇంకా గట్టిగా కొడుతోంది, పారతో తవ్వినట్టు బురద ఎగురుతోంది. ఒక్కటే చెప్పాను, "బంతిని చూడకు, బంతీ గడ్డీ కలిసే సన్నటి చీకటి గీతను చూడు." బాస్ (హర్లీ కింద వెడల్పు భాగం) కాస్త తెరిచి, అంచు ఆ గీతలోకి దిగేలా, పైనుంచి కిందికి కోసింది. టప్‌మని తడి శబ్దం వచ్చింది. బంతి గిర్రున తిరుగుతూ ఇరవై గజాలు లేచి వెళ్ళింది. ఆ తర్వాత ఆరుసార్లు మళ్ళీ లేవలేదు, అయినా ఆ శబ్దం విన్నది కాబట్టి ఇంటికి వెళ్ళనంది. నువ్వూ ఇరవై గజాల నుంచే, గడ్డి కాస్త ఎత్తున్న చోట మొదలుపెట్టు. తల చివరిదాకా కిందే ఉండాలి. వారానికి పది నిమిషాలు మించనివ్వకు, మణికట్లు అలిసిపోతాయి.

ఒకసారికి ఒక్క తప్పే దిద్దు. కర్ర ఊపుతున్నవాడితో మాట్లాడకు.

హర్లీలు కూడా చూడు. మనవాళ్ళు చొక్కా కొన్నట్టు "పెరుగుతాడులే" అని పొడుగు హర్లీ కొంటారు. పిల్లాడి పక్కన నిలబెడితే కొస తుంటి ఎముక దగ్గరికి రావాలి, అంతకు మించితే మణికట్టు పని చెయ్యదు. వానలో తడిసిన కర్రను రేడియేటర్ పక్కన పెట్టొద్దని చెప్పు, హర్లీలు చేసే యాష్ చెక్క ఎండితే పెళుసెక్కి విరుగుతుంది. యాష్ చెట్లకు తెగులు సోకినప్పట్నుంచీ మంచి కర్ర దొరకడం కష్టంగా ఉంది. వెదురు హర్లీలతో వచ్చే పిల్లలుంటే వద్దనకు.

మీ జట్టులో మన పిల్లలు ఇద్దరున్నారని, బంతి అడగడానికి మొహమాటపడుతున్నారని రాశావు. ఫిజీలో పుట్టిన షాన్ ఓగ్ ఓ హాల్పీన్ 2005లో కార్క్ కౌంటీ జట్టు కెప్టెన్‌గా ఆల్-ఐర్లండ్ కప్పు ఎత్తుకున్న సంగతి వాళ్ళకు చెప్పు. అంతకన్నా ముందు, డ్రిల్స్‌లో వాళ్ళిద్దర్నీ ఒకే జంటగా వెయ్యకు. ఒకరితో ఒకరు తెలుగులో గుసగుసలాడుకుంటూ ఉండిపోతారు, నువ్వూ మీ తమ్ముడూ ఉండిపోయినట్టు.

వచ్చే శనివారం పొద్దున నేను బస్సులో వస్తాను. నా దగ్గర పాత హర్లీలు నాలుగున్నాయి, రెండింటికి బాస్ దగ్గర రేకు పట్టీ ఊడింది, మేకులూ సుత్తీ తెస్తాను. నువ్వు కోన్లు ఎక్కువ పట్రా. ముందు పావుగంట ఇద్దరం పక్కన నిలబడి చేతులు చూద్దాం.

మీ పెదనాన్న