విదేశంలో భూకంపం వస్తే డాక్టరుగా వెళ్ళాలా? నేపాల్‌లో నేను చూసింది

మీరు అడిగింది ఇది: "జనరల్ మెడిసిన్ ఎం.డి. ఈ ఏడాదే పూర్తయింది. బయటి దేశంలో పెద్ద భూకంపమో తుపానో వస్తే వెంటనే వాలంటీరుగా వెళ్ళాలని ఎప్పటినుంచో కోరిక. ఎలా వెళ్ళాలి? నిజంగా ఉపయోగపడతామా?"

వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. కానీ మీ ప్రశ్నలోంచి ఆ "వెంటనే" అన్న మాట తీసేయండి.

నేను ఎముకల డాక్టరుని. నరసరావుపేటలో ప్రాక్టీసు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రాత్రి టీవీలో కాఠ్మాండూ ధరహరా బురుజు మొదలు మాత్రమే మిగిలి ఉండటం చూసి నిద్ర పట్టలేదు. ఎముకల డాక్టరు అవసరం ఇంతకంటే ఎక్కడుంటుంది, మర్నాడే బయలుదేరదామనుకున్నాను. ఢిల్లీలో నా పీజీ బ్యాచ్‌మేట్ ఒక స్వచ్ఛంద సంస్థతో పనిచేస్తున్నాడు. ఫోన్ చేస్తే "ఆగు, పిలిచాక రా" అన్నాడు. చాలా కోపం వచ్చింది. అక్కడ జనం చచ్చిపోతుంటే ఆగడమేంటని అరిచాను కూడా. తొమ్మిది రోజులు ఆపాడు. ఆపినందుకు అతనికి రుణపడి ఉన్నాను.

ఎందుకంటే కాఠ్మాండూ విమానాశ్రయానికి ఉన్నది ఒక్కటే రన్‌వే. ప్రపంచంలోని సహాయమంతా దానిమీదే దిగాలి. మేం మే 4న దిగాం. ఆ ముందురోజే రన్‌వే దెబ్బతిందని పెద్ద విమానాలను ఆపేశారు. డేరా, తిండి, నీళ్ళు ఏవీ తెచ్చుకోకుండా ఆ రోజుల్లో దిగిన ప్రతి డాక్టరూ ఎవరో ఒకరి గది, ఎవరో ఒకరి జీపు, ఎవరో ఒకరి అన్నం తీసుకున్నట్టే. శిథిలాల కింద నుంచి మనుషుల్ని తీసేది పక్కింటివాళ్ళు, తర్వాత సైన్యం. మనం చేరేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. 2010 హైతీ భూకంపంలో ఇలా ఎవరికివారు వచ్చిపడిన అనుభవం తర్వాతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విదేశీ వైద్య బృందాలకు కనీస ప్రమాణాలు పెట్టింది. మీ తిండి, మీ నీళ్ళు, మీ డేరా మీరే తెచ్చుకోవాలి, కనీసం రెండు వారాలు ఉండాలి. బయలుదేరే ముందు ఆ పత్రం చదవండి.

మమ్మల్ని సింధుపాల్‌చోక్ జిల్లాకు పంపారు. ఆ భూకంపంలో దాదాపు 9,000 మంది పోతే అందులో 3,500 మందికి పైగా ఈ ఒక్క జిల్లావాళ్ళే. జిల్లా కేంద్రం చౌతారాలో ఆసుపత్రి కూడా కూలింది. రెడ్ క్రాస్ వాళ్ళు డేరాల్లో ఆసుపత్రి నడుపుతున్నారు. మేం అక్కడి నుంచి ఇంకా పైకి, జీపు వెళ్ళగలిగిన చివరి ఊరికి వెళ్ళాం. ఇద్దరు ఎముకల డాక్టర్లు, ఒక మత్తు డాక్టరు, ఒక పిల్లల డాక్టరు, ఇద్దరు నర్సులు. బడి ఆవరణలో టార్పాలిన్ కట్టి మొదలుపెట్టాం.

అక్కడి ఇళ్ళు రాళ్ళు, మట్టితో కట్టినవి. ఊగగానే గోడలు కుప్పలా దిగిపోయాయి. భూకంపం వచ్చింది శనివారం మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా. నేపాల్‌లో వారం సెలవు శనివారం. బళ్ళు లేవు, పెద్దవాళ్ళు పొలాల్లో ఉన్నారు. అందుకే చాలామంది బతికారు. మేం తిరిగిన ఊళ్ళలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఉండిపోయిన ముసలివాళ్ళు, పసిపిల్లలే.

ఇక అసలు సంగతి. మే 7న ఒక కుర్రాడు తన నాయనమ్మని డోకోలో కూర్చోబెట్టి వీపు మీద మోసుకొచ్చాడు. డోకో అంటే వెదురుబుట్ట. దాని పట్టీని నుదుటికి తగిలించుకుని మోస్తారు. ఆమెకు డెబ్భై దాటి ఉంటాయి. తమాంగ్ అనే కొండజాతి మనిషి, తమాంగ్ భాష తప్ప రాదు. కుడి మోకాలి కింద గాయం. అప్పటికి ఎనిమిది రోజుల కిందట ఎవరో డాక్టర్ల బృందం వచ్చి కుట్లు వేసి వెళ్ళిందట. తొమ్మిది కుట్లు, అందంగా, దగ్గరదగ్గరగా. కింద కాలంతా వాచి, చర్మం మెరుస్తోంది. డేరా బయట ఉండగానే వాసన వచ్చింది.

మీరు ఫిజీషియన్ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మట్టి గోడ కింద నలిగిన గాయాన్ని మొదటిరోజు కుట్టకూడదు. బాగా కడగాలి, చచ్చిన కండ తీసేయాలి, గాజుగుడ్డ పెట్టి తెరిచే ఉంచాలి, టెటనస్ ఇంజెక్షన్ ఇవ్వాలి. నాలుగైదు రోజులకు శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టాలి. యుద్ధాల్లో లక్షలమంది కాళ్ళు పోగొట్టుకుని నేర్పిన పాఠం ఇది. కానీ అలా చేయాలంటే ఐదో రోజు కూడా అక్కడే ఉండాలి. ఒక పూట వచ్చి వెళ్ళిపోయేవాళ్ళకు కుట్టడం తప్ప దారి లేదు. ఆ డాక్టరు చెడ్డవాడని నేననను. నేనూ ఏప్రిల్ 27న దిగి ఉంటే అదే చేసి ఉండేవాణ్ణి.

అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. ఏం మందు ఇచ్చారో రాసిన చిన్న చీటీ కూడా లేదు. ఆమె కొంగులోంచి మూడు మాత్రలున్న స్ట్రిప్ ముక్క తీసింది. మందు పేరున్న భాగం కత్తిరించేశారు. యాంటీబయాటిక్కా, నొప్పి మాత్రా, ఏమీ తెలియలేదు. ఇది చెప్తుంటే మన ఊళ్ళ మీదా కోపం వస్తోంది. మన మెడికల్ షాపుల్లో రెండు మాత్రలు అడిగితే ఎలా కత్తిరిస్తారో చూశారా? పేరు ఒక ముక్కలో, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కలో. పల్లెటూరి పేషెంట్లు అలాంటి ముక్కలు నా ఓపీకి రోజూ తెస్తారు. ఒక మనిషి ఒంట్లోకి ఏం వెళ్ళిందో తర్వాతి డాక్టరుకు తెలియకుండా చేయడం చిన్న తప్పు కాదు.

కుట్లు విప్పితే గిన్నెడు చీము వచ్చింది. చౌతారా ఆసుపత్రికి పంపుతానంటే ఆమె ససేమిరా అంది. ఇంటి దగ్గర నాలుగు మేకలున్నాయి, చూసే దిక్కులేదు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, కోడలు భూకంపంలో పోయింది. నేను హిందీలో, గొంతు పెంచి, కాలు పోతుందని చెప్తున్నాను. ఆమె నా మొహం కూడా చూడటం లేదు.

అప్పుడు ముందుకొచ్చింది దీదీ. ఆమె పేరు రాయను. ఆ వార్డు మహిళా స్వాస్థ్య స్వయంసేవిక, అంటే మన ఆశా కార్యకర్త లాంటి మనిషి. నేపాల్‌లో 1988 నుంచి ఈ వ్యవస్థ ఉంది. దేశం మొత్తం మీద దాదాపు 50,000 మంది. జీతం ఉండదు. దీదీ ఇల్లు కూడా పడిపోయింది. అత్తగారితో టార్పాలిన్ కింద ఉంటూ రోజూ మా దగ్గరికి వచ్చేది. నా హిందీని ఆమె తమాంగ్‌లోకి మార్చాలి, జవాబును మళ్ళీ హిందీలోకి. కానీ ఆ రోజు ఆమె నా మాటలు అనువాదం చేయలేదు. ముసలామె పక్కన నేలమీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. తర్వాత లేచి, "మేకలు మా అత్త చూస్తుంది. ఈమె కిందికి వెళ్ళదు, ఇక్కడే బడిలో ఉంటుంది. మీరు రోజూ కడగండి" అంది. అంతే, నిర్ణయమైపోయింది.

ఐదు రోజులు కడిగాం. మే 12న కొంచెం మత్తు ఇచ్చి మిగిలిన చచ్చిన కండ తీద్దామనుకున్నాం. ఎండగా ఉందని బల్లను బడి గోడ నీడలోకి జరిపారు. ఆ గోడ అప్పటికే పగిలి ఉంది. అక్కడ పెట్టనివ్వడం నా తప్పు. కెటామిన్ అనే మత్తుమందు ఎక్కింది, పని సగమైంది. పన్నెండూ యాభైకి భూమి కదిలింది. 7.3 తీవ్రత.

నేను పరిగెత్తాను. చేతిలో కత్తెరతోనే, ఆవరణ మధ్యదాకా. అక్కడ నిలబడలేక కూలబడి వెనక్కి చూస్తే, మా మత్తు డాక్టరు బల్ల దగ్గరే మోకాళ్ళ మీద ఉంది, ముసలామె దవడ రెండు చేతులతో పైకి పట్టుకుని. వదిలితే ఊపిరి ఆగిపోవచ్చు. దీదీ ఆ ముసలామె మీద బోర్లా పడుకుని తలను చేతులతో కప్పింది. గోడ అవతలివైపుకు పడింది. ఇవతలికి పడి ఉంటే ముగ్గురూ పోయేవాళ్ళు. ఎదుటి కొండ మీద నుంచి ధూళి పొగలా లేస్తోంది. ఊళ్ళో ఆడవాళ్ళ ఏడుపులు మొదలయ్యాయి.

వెనక్కి వెళ్ళి పని పూర్తి చేశాను. చేతులు వణుకుతున్నాయని కట్టు మా నర్సే కట్టింది. దీదీ నన్నేమీ అనలేదు. చీరకు అంటిన మట్టి దులుపుకుని, "డాక్టర్ సాబ్, నా వార్డు చూసి వస్తాను" అని తన రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. 68 ఇళ్ళు, అంటే 68 డేరాలు. చీకటి పడ్డాక వచ్చి ఎవరికి ఏమైందో చదివి చెప్పింది. ఎవరికి నెలలు నిండాయి, ఎవరి బీపీ మాత్రలు మళ్ళీ మట్టిలో కలిశాయి, ఏ పిల్లవాడికి విరేచనాలు, అన్నీ. ఆ రోజు నేపాల్‌లో వంద మందికి పైగా పోయారు. ఆమె వార్డులో ఎవరూ పోలేదు.

ఆ రాత్రి నుంచి నా అభిప్రాయం ఇదే. విపత్తులో వైద్యం చేసేది ఆ ఊరి మనిషి. బయటి నుంచి వచ్చిన డాక్టరు ఆ మనిషి చేతికి అదనపు చెయ్యి. ఆమె లేని చోట ఎంత పెద్ద సర్జనైనా చేయగలిగింది చాలా తక్కువ. మనవాళ్ళు పెద్దగా ఒప్పుకోరు. పీహెచ్‌సీల్లో మన ఆశా అమ్మాయిలను గంటలకొద్దీ నిలబెట్టి, తిట్టి, రిపోర్టులు రాయించుకునే డాక్టర్లను నేను చూశాను. ఒకప్పుడు నేనూ వాళ్ళకు కుర్చీ చూపించేవాణ్ణి కాదు. మీరు విదేశం వెళ్ళే ముందు ఆరు నెలలు మన దగ్గరే ఒక ఆశా కార్యకర్త వెంట ఇళ్ళకు తిరగండి. ఏ సర్టిఫికెట్ కోర్సూ నేర్పనిది అక్కడ వస్తుంది.

మీ ఎం.డి. పనికొస్తుందా అని సందేహపడకండి. నాకంటే మీరే ఎక్కువ పనికొస్తారు. రెండో వారం నుంచి మా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొత్త గాయాలవాళ్ళు సగం కూడా లేరు. బీపీ, షుగరు మాత్రలు శిథిలాల్లో పోయినవాళ్ళు, మధ్యలో టీబీ మందు ఆగినవాళ్ళు, టార్పాలిన్ల కింద న్యుమోనియా పట్టిన ముసలివాళ్ళు, నిద్రపట్టక గుండెదడ అని వచ్చేవాళ్ళు. ఇదంతా మెడిసిన్ పని. కెమెరాలు వెళ్ళిపోయాక వచ్చే డాక్టరు కావాలి వాళ్ళకు. జూన్‌లో వానలు మొదలయ్యేసరికి చాలా బృందాలు సర్దుకున్నాయి. నేనూ మే 18న వచ్చేశాను, ఇక్కడ ఓపీ మూతపడిందని, ఇంట్లో టెన్షన్ పడుతున్నారని. ఇంకో నెల ఉండాల్సింది. అది ఇప్పటికీ మనసులో ఉంది.

వచ్చేముందు ముసలామె కట్టు ఎలా మార్చాలో దీదీకి ఒక నోటుబుక్కులో బొమ్మలు గీసి ఇచ్చాను. జులైలో మా బ్యాచ్‌మేట్ అటు వెళ్ళినప్పుడు ఆ పేజీ ఫోటో తీసి పంపాడు. నా బొమ్మల కింద దీదీ రోజుకొక తేదీ వేసి, పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. 31 తేదీలు. ఆఖరి తేదీ పక్కన నేపాలీలో గాయం మానిందని రాసి ఉంది.

"ఇక్కడ పేదలు లేరా, అక్కడిదాకా ఎందుకు" అని మీ ఇంట్లో, హాస్పిటల్లో తప్పకుండా అంటారు. నన్నూ అన్నారు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖకు దేశమంతటి నుంచి మనుషులు వచ్చారు కదా. వాళ్ళ ఊళ్ళలో కష్టాలు లేకనా వచ్చింది?

ఇక ఎలా వెళ్ళాలన్నది. ఒంటరిగా వెళ్ళకండి. ఆ దేశంలో ముందునుంచీ పనిచేస్తున్న సంస్థలో ఇప్పుడే, ఏ విపత్తూ లేనప్పుడే, పేరు నమోదు చేసుకోండి. అక్కడ వైద్యం చేయడానికి తాత్కాలిక అనుమతి ఎవరిస్తారో వాళ్ళకు తెలిసి ఉంటుంది. నేపాల్‌కైతే మనకు వీసా అక్కర్లేదు. మిగతా దేశాలకు పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, డిగ్రీల నకళ్ళు ఒక కవరులో సిద్ధంగా ఉంచుకోండి. హెపటైటిస్, టైఫాయిడ్, టెటనస్ టీకాలు వేయించుకోండి. మూడు వారాలకు తక్కువైతే వద్దు. తలకు కట్టుకునే లైటు, నీళ్ళు శుద్ధి చేసే మాత్రలు, అటుకులు పట్టుకెళ్ళండి. అక్కడా అటుకులే తింటారు, చ్యూరా అంటారు. కార్బన్ కాపీ వచ్చే ప్రిస్క్రిప్షన్ పుస్తకాలు నాలుగు తీసుకోండి. ఒక కాపీ పేషెంటు కొంగున, ఒకటి ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త దగ్గర ఉండాలి. పెద్ద అక్షరాలతో రాయండి. స్ట్రిప్ కత్తిరించాల్సి వస్తే మందు పేరున్న వైపు పేషెంటుకు ఇవ్వండి.